డిశ్చార్జి అయ్యాక ఎవరు చూస్తారు? ఒక డీ-అడిక్షన్ సెంటర్ ఆదివారం ఫ్యామిలీ మీటింగ్‌పై నా రివ్యూ

ఆదివారం పొద్దున పదిన్నరకు మొదలవుతుంది. పదింబావుకల్లా వెళ్తే కుర్చీ దొరుకుతుంది, ఆలస్యమైతే గోడకు ఆనుకుని నిలబడాలి. కింద మెడికల్ షాపు, మేడ మీద ఒకే గది, రెండు ఫ్యాన్లు, ఒక తెల్లబోర్డు. వరంగల్ వైపు ఉన్న ఈ సెంటర్‌కు పద్నాలుగు నెలలుగా వస్తున్నాను. పేషెంట్‌ను కాదు, పేషెంట్ తండ్రిని. సెంటర్ పేరు రాయడం లేదు. రాస్తే ఆదివారం ఆ మెట్లెక్కేవాళ్లు ఎందుకు ఎక్కుతున్నారో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. లోపల విన్నది బయటికి తీసుకెళ్లనని మొదటిరోజే మాట ఇచ్చాను. మిగతావాళ్ల సంగతి రాసినచోట వాళ్లను అడిగి, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో ముప్పయి మూడేళ్లు పనిచేసి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. మా చిన్నోడికి ఇప్పుడు ముప్పయి ఒకటి. బైకుల షోరూంలో మెకానిక్, పని మంచిగా వచ్చు. పెళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. ఇరవై మూడో ఏట నుంచి తాగుతున్నాడని మాకు తెలుసు. పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికే దాకా వచ్చిందని తెలిసేసరికి ఇంకో అయిదేళ్లు గడిచాయి.

ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడ తిరిగామో చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మీటింగ్ ఎందుకు అంత గొప్పగా చెప్తున్నానో అర్థం కాదు.

గోడల మీద "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించండి" అని రాసి ఫోన్ నంబరు వేసి ఉంటుంది కదా. మా ఆవిడ ఆ నంబరుకు ఫోన్ చేసింది. పద్దెనిమిది వందలకు పొట్లాలు వచ్చాయి. పప్పులో కలిపి పెట్టాం. రెండోరోజు రాత్రి వాడు తాగొచ్చి అన్నం తిన్న కాసేపటికి ముఖం ఎర్రగా కందిపోయింది. గుండె దడదడలాడి, వాంతులతో మంచం పక్కనే పడిపోయాడు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు పొట్లం చూసి, "ఇందులో ఏం కలిపారో నాకు తెలియదు. డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే ఇట్లాగే అవుతుంది. ఆ మందు మేమూ రాస్తాం. కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివరు పరీక్షలు చూసుకుని రాస్తాం. తెలియకుండా పెడితే ప్రాణం పోతుంది పెద్దాయనా" అన్నాడు. మా ఆవిడ ఆ రాత్రంతా వార్డు బయట కూర్చుని తల కొట్టుకుంది. ఎవరి ఇంట్లోనైనా అలాంటి పొట్లాలుంటే దయచేసి ఈరోజే పారేయండి.

ఆ తర్వాత హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు సెంటర్. నెలకు ఇరవై అయిదు వేలు, మూడు నెలల ప్యాకేజీ. రాత్రి పదకొండింటికి బండిలో నలుగురు వచ్చారు. వాడు నిద్రలో ఉన్నాడు. రెక్కలు పట్టుకుని తీసుకెళ్లారు, నేను కాగితం మీద సంతకం పెట్టాను. నలభై రోజులు ఫోన్ లేదు, చూడనివ్వలేదు. మా వంక చూసి "బాపూ" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం తాగుడు, డ్రగ్స్ సమస్యలకూ వర్తిస్తుందని చాలా తర్వాత తెలిసింది. మనిషి తనంతట తాను ఒప్పుకుని చేరాలి. ఒప్పుకునే స్థితిలో లేకపోతే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అలా చేర్చుకున్నా మొదట ముప్పయి రోజులకు మించకూడదు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఇవేవీ తెలియక మా చేత్తోనే మా కొడుకును అప్పగించాం. తొంభయ్యో రోజు ఒక కవర్లో బట్టలు, ఒక రసీదు ఇచ్చి పంపారు. ఇంటికెళ్లాక ఏం చేయాలి అని అడిగితే, "జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. పన్నెండో రోజు మళ్లీ తాగాడు.

తర్వాత తనంతట తానే మానేస్తానని ఇంట్లో ఒక్కసారిగా ఆపేశాడు. మేం సంతోషపడ్డాం. రెండోరోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు, మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ఇంట్లో చూసుకునే జబ్బు కాదు అని ఆరోజు తెలిసింది. ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం. విటమిన్ బి1 ఇంజక్షన్లు, వణుకు తగ్గే మందులు, తొమ్మిది రోజులు. డిశ్చార్జి రోజు సైకియాట్రీ డాక్టరు చీటీ వెనక ఈ సెంటర్ అడ్రసు రాసి, "అబ్బాయి ఇక్కడికి ఓపీకి వస్తాడు. మీరు ఆదివారం అక్కడికి వెళ్లండి" అన్నాడు. "నేను తాగను కదా సార్, నాకెందుకు" అన్నాను. "తాగేవాడితో ఎనిమిదేళ్లు బతికారు కదా, అందుకే" అన్నాడు.

మొదటి ఆదివారం గదిలో పదిహేడు మంది ఉన్నారు. మగవాణ్ని నేనొక్కణ్నే. వెళ్లిపోదామనిపించింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఒక పెద్దావిడ పక్కకు జరిగి, "కూసో అన్నా" అంది. అందుకే కూర్చున్నాను.

కౌన్సెలర్ మేడం క్లాసు చెప్పినట్టు చెప్పదు, ప్రశ్నలు అడుగుతుంది. నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "సాయంత్రం బాబు ఇంటికి వచ్చేటప్పుడు మీరెక్కడ ఉంటారు సార్?"

"గేటు దగ్గర."

"ఏం చేస్తారు?"

"నోరు తెరవమంటా. వాసన చూస్తా."

నిజంగా అదే చేసేవాణ్ని. డిపోలో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లతో బ్రీత్ ఎనలైజర్ ఊదిస్తారు. రీడింగ్ వస్తే ఆరోజు బండి ఇవ్వరు. ఏళ్ల తరబడి ఆ పరీక్షలు నా కళ్లముందు జరిగాయి. యాలకులు నమిలి వచ్చినా, వక్కపొడి వేసుకుని వచ్చినా నాకు తెలిసిపోయేది. ఆ అలవాటే ఇంటికి తెచ్చుకున్నాను. ఏళ్లపాటు రోజూ సాయంత్రం పెళ్లయిన కొడుకును గేటు దగ్గర ఆపి నోరు తెరిపించాను.

మేడం కాసేపు ఆగి, "డిపోలో డ్రైవరు టెస్టు పాసైతే ఏం చేస్తారు?" అంది.

"బండి ఇస్తాం."

"మరి బాబు పాసైన రోజు ఇంట్లో ఏం ఇచ్చారు?"

నోట మాట రాలేదు. వాసన వచ్చిన రోజు వీధి వీధంతా వినపడేలా తిట్టేవాణ్ని. వాసన రాని రోజు ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయేవాణ్ని. వాడితో నేను మాట్లాడాలంటే వాడు తాగి రావాల్సిందే అన్నట్టు చేశాను. ఈ సంగతి ఎనిమిదేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు, నాకై నాకు తట్టలేదు. ఈ మీటింగ్‌కు నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఆ వారం నాకిచ్చిన పని చిన్నది. సాయంత్రం గేటు దగ్గర నిలబడకూడదు, అంతే. సోమవారం ఆరున్నరకు వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బైకు ఆగిన చప్పుడు, స్టాండు వేసిన చప్పుడు, గేటు గడియ. కాళ్లు వాటంతటవే లేవబోయాయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. గడియ తీసిన తర్వాత అడుగుల చప్పుడు రాలేదు. వాడు అలవాటు కొద్దీ అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి, "బాపు ఏడి?" అని వాళ్లమ్మను అడిగాడు. "చాయ్ చల్లారుతుంది, లోపలికి రా" అన్నాను. వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. చాయ్ మాత్రం తాగాం.

మొదటి మూడు నెలలే ఎక్కువ ప్రమాదం అంటారు ఇక్కడ. అందుకే ఆ రోజుల్లో ఇంటివాళ్లు ఏం చేయాలో చాలా వివరంగా చెప్తారు. తాగి ఉన్నప్పుడు ఏ పంచాయితీ పెట్టకూడదు, పొద్దున మాట్లాడుకోవాలి. "నువ్వు ఇట్లా చేశావు" అని మొదలుపెట్టకుండా "నాకు భయమైంది" అని మొదలుపెట్టాలి. అప్పులు మనం కట్టకూడదు, షోరూంకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పకూడదు. ఇది మా ఆవిడకు చాలా కష్టమైంది, ఎందుకంటే ఆ ఫోన్లన్నీ చేసింది ఆవిడే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా మందు మీదికి మనసు పోతుందని బోర్డు మీద రాస్తారు. మా ఇంట్లో దీనితో వచ్చిన మార్పు ఒక టిఫిన్ డబ్బా. సాయంత్రం అయిదింటికి షోరూంలో తినడానికి ఉప్మానో, రెండు అరటిపండ్లో కోడలు కట్టిస్తుంది. ఆకలితో బయల్దేరితే దారిలో ఉన్న వైన్స్ ముందు బండి ఆగేదని వాడే ఒప్పుకున్నాడు.

నాకు బాగా నచ్చింది దసరా ప్లానింగ్. మన దగ్గర దసరా అంటే సుక్క, ముక్క. మందు లేకుండా పండుగ చేసే ఇల్లు వెతికితే గానీ దొరకదు. మూడు వారాల ముందే మేడం ఒక్కో కుటుంబాన్ని కూర్చోబెట్టి గంట గంటకూ రాయించింది. పొద్దున ఎక్కడ, మధ్యాహ్నం ఎవరింట్లో, జమ్మి పెట్టడానికి ఎవరెవరి ఇళ్లకు, ఎవరు వెంట ఉంటారు, "ఒక్క పెగ్గుకు ఏమైతది బావా" అని ఎవరు అంటారు, అంటే ఏం జవాబు చెప్పాలి. ఆ మాట అనేది మా ఆవిడ తమ్ముడని మా అందరికీ తెలుసు. నేనే ఫోన్ చేసి, ఈసారి సీసాతో మా గడప తొక్కొద్దని చెప్పాను. నెల రోజులు మాట్లాడలేదు. పండుగ నాడు మాత్రం మా చిన్నోడు చీకటిపడే వేళకు ఇంట్లో ఉన్నాడు, జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఈ సంవత్సరం దసరాకు మళ్లీ కాగితం రాయడం మొదలుపెట్టాం.

మేడం ఒకసారి చెప్పింది, ఇంటివాళ్లకు కూడా చికిత్స కావాలన్న సంగతి మన దేశంలో తన కాపురంలోనే చూసిన మనిషి శాంతి రంగనాథన్ అని. తాగుడుతో భర్త పోయాక ఆమె 1980లో చెన్నైలో టీటీకే ఆస్పత్రి పేరుతో అందరికీ తెలిసిన సంస్థను పెట్టారు, 1992లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ పేషెంటుతో పాటు కుటుంబానికీ విడిగా కార్యక్రమం ఉంటుంది. మన దగ్గర చాలాచోట్ల అది బోర్డు మీద రాయడానికే తప్ప నడవడం లేదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం వల్ల సాయం అవసరమైన స్థాయికి చేరినవాళ్లు దేశంలో 5.7 కోట్లు. ఒక్కొక్కరి వెనక ఇంట్లో ఎంతమంది ఉంటారో లెక్కపెట్టండి. వాళ్లకోసం ఎన్ని గదులు ఉన్నాయి?

ఇదే గదిలో బుధవారం సాయంత్రం అల్-అనాన్ మీటింగ్ కూడా జరుగుతుంది. అది సెంటర్‌ది కాదు, గది అద్దె వాళ్లలో వాళ్లే వేసుకుని కట్టుకుంటారు. తాగేవాళ్ల కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935లో అమెరికాలో మొదలైతే, ఆ ఇళ్లలోవాళ్ల కోసం అల్-అనాన్ 1951లో వచ్చింది. మొదలుపెట్టింది ఏఏ పెట్టినవాళ్లలో ఒకరైన బిల్ గారి భార్య లోయిస్, ఆమె స్నేహితురాలు యాన్. పేరు, కులం, ఊరు ఎవరూ అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహా చెప్పరు. "దీన్ని నేను తెచ్చిపెట్టలేదు, నేను అదుపు చేయలేను, నేను నయం చేయలేను" అని అక్కడ చెప్పుకునే మాట మొదట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తండ్రిని, నేను కాకపోతే ఎవరు చేస్తారు అనుకున్నాను. రెండు, మూడు నెలలకు ఆ మాట వల్లే రాత్రిళ్లు నిద్ర పట్టింది.

ఆదివారం వచ్చేవాళ్లు అందరూ మందు ఇళ్లవాళ్లే కాదు. నాకు చోటిచ్చిన పెద్దావిడ భర్తది కల్లు. తాటికల్లు ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ని. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు, అది ఒక్కరోజు దొరక్కపోయినా మనిషి పిచ్చిపట్టినట్టు అవుతాడు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎట్లా వచ్చారో గుర్తుందా, ఆ జనంలో ఆవిడా ఉంది. ఇంకొకాయన కొడుకుది గంజాయి. ఆస్పత్రికి తీసుకొస్తే పోలీసు కేసు అవుతుందని రెండేళ్లు దాచాడు. తక్కువ మోతాదుతో దొరికిన వాడకందారు తానుగా చికిత్సకు వస్తే మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ కింద రక్షణ ఉందని మేడం కాగితం చూపించి చెప్పిన రోజు ఆయన ఏడ్చాడు.

ఇక లోపాలు. డిసెంబర్‌లో మా అన్నయ్య దినాలకు వెళ్లి మా చిన్నోడు మళ్లీ తాగాడు. అయిదు నెలల తర్వాత. శనివారం రాత్రి తొమ్మిదికి సెంటర్ నంబరుకు ఆరుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. రాత్రి ఎనిమిది తర్వాత అక్కడ మనిషి ఉండడు. మళ్లీ తాగేది రాత్రిపూటే కదా, ఆ గంటల్లోనే ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే ఎట్లా? చివరికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేశాను. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడారు. ఈ రాత్రి గొడవ పెట్టుకోకండి, బండి తాళంచెవి తీసి దాచిపెట్టండి, మళ్లీ ఆపేటప్పుడు ఫిట్స్ రావచ్చు కాబట్టి పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లండి అన్నారు. అట్లాగే చేశాం. మూడు రోజుల్లో నిలబడ్డాడు. పాత రోజులైతే ఆ మూడు రోజులు మూడు నెలలు అయ్యేవి. కేంద్రం పెట్టిన మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది, రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

రెండో లోపం ఇంకా పెద్దది. అత్తమామల ముందు కోడళ్లు నోరు విప్పరు. మా కోడలు నాలుగు నెలలు మా పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. మేమంతా అడిగాక భార్యలకు నెలలో మొదటి ఆదివారం విడిగా గంట పెట్టారు. ఆ గంట తర్వాత మేడం మా కోడలి ఒప్పుదలతోనే నాకు ఒక సంగతి చెప్పింది. పాప తన బొమ్మను తలుపు దగ్గర నిలబెట్టి, "నోరు తెరువు, తెరువు" అని గదమాయించి, ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత కొడుతుందట. మెట్లు దిగి కింద మెడికల్ షాపు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నేను తాగని మనిషిని. మా చిన్నోడి తాగుడు పాప ఎంత చూసిందో, నన్నూ అంతే చూసింది. ఆ రోజు సాయంత్రం మా కోడలి దగ్గరికెళ్లి, "తప్పయింది బిడ్డా" అన్నాను. ఇట్లాంటి గంట మొదటి నెల నుంచే ఉండాలి. పిల్లలకు ఇప్పటికీ ఏమీ లేదు, వెంట తెస్తే మెట్ల మీద ఆడుకుంటారు. అందుకే అయిదో స్టార్ ఇవ్వలేదు.

మీ ఇంట్లో ఎవరినైనా ఎక్కడైనా చేర్చబోతుంటే ఏసీ గది, మెనూ, ఎన్నిరోజుల ప్యాకేజీ అని అడిగే ముందు, డిశ్చార్జి తర్వాత రోజు మేం ఎవరికి ఫోన్ చేయాలి అని అడగండి. మమ్మల్ని ఎప్పుడు కూర్చోబెడతారు, భార్యతో విడిగా మాట్లాడతారా, మళ్లీ తాగితే రానిస్తారా లేక తిట్టి పంపుతారా, మీకు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. జవాబు తడబడితే డబ్బులు కట్టకండి. ఈ ఆదివారం మీటింగ్‌కు మా దగ్గర రూపాయి తీసుకోలేదు.

మా చిన్నోడు తాగక తొమ్మిది నెలలైంది. సోమ, శుక్రవారాలు వాడి ఏఏ మీటింగ్‌కు వాడు వెళ్తాడు. అక్కడ ఏం చెప్పుకుంటారో నేను అడగను. ఆదివారాలు మేం వెళ్తాం. ఇప్పుడు మగవాళ్లం నలుగురమయ్యాం.

కొత్తగా వచ్చేవాళ్లకు: కాగితాలు, కార్డులు ఏమీ తేవక్కర్లేదు, పేషెంటు ఒప్పుకోకపోయినా మీరు రావచ్చు. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద మెడికల్ షాపు అబ్బాయికి చెప్తే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. మంచినీళ్ల ఫిల్టర్ పాడై మూడు వారాలైంది, బాటిల్ వెంట తెచ్చుకోండి.